పక్కన పెట్టిన అంకె

ఇంట్లో చీపురు మాయమై నాలుగు రోజులైంది.

మొదటి రోజు అత్తగారు వెతికింది. రెండో రోజు అడిగింది. మూడో రోజు అలిగింది. నాలుగో రోజు పొద్దున్నే వీధి చివరి కొట్టుకు తనే వెళ్ళి కొత్త చీపురు కొనుక్కొచ్చి, ఎవరి కంటా పడకుండా మంచం కింద దాచి, టీ తాగి వచ్చేసరికి అదీ లేదు.

"దొంగలు పడితే గిన్నో చెంబో పట్టుకుపోతారు. చీపుర్లు ఎత్తుకుపోయే దొంగని ఈ ఇంట్లోనే చూస్తున్నా" అంది నడవాలో నిలబడి, ఎవరినీ చూడకుండా, అందరికీ వినపడేలా.

పెద్దకోడలు, అంటే ఊరి బళ్ళో లెక్కల టీచరు, బకెట్లో తడిగుడ్డ పిండుతోంది. దొంగ తనే అయినప్పుడు తలెత్తడం కష్టం.

"నేనే తీశానత్తయ్యా. రోజూ తడిగుడ్డ పెడుతున్నాను కదా."

"తడిగుడ్డ ఊడ్చాక పెడతారు. ఊడవకుండా పెట్టమని మీ బళ్ళో నేర్పారా?"

నిజానికి బళ్ళోనే నేర్పారు. ఆ మాట పైకి అనడానికి లేదు. అంటే వెంటనే 'ఎందుకు' అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పే ధైర్యం ఆమెకింకా రాలేదు.

అత్తగారికి ఊడవడమంటే పని కాదు, పరువు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ముప్పై ఏళ్ళుగా ఒక్క పూట తప్పలేదు. వీధిలో ఎవరైనా "మీ ఇల్లు అద్దంలా ఉంటుందండీ" అంటే "ఏదో లెండి" అని ఊరుకుంటుంది గానీ, ఆ రోజంతా ఆవిడ నడకే వేరుగా ఉంటుంది. అలాంటి మనిషి చేతిలోంచి చీపురు లాక్కోవడం, బడిపంతులు చేతిలోంచి సుద్దముక్క లాక్కోవడం లాంటిదే.

"పోనీలెండి అత్తయ్యా, అక్క చేసుకుంటానంటే చేసుకోనివ్వండి. నడుం నొప్పి తనకే కదా" అంది చిన్నకోడలు మంచం మీంచి. ఆమె ఒళ్ళో రెండేళ్ళ నాలుగు నెలల కూతురు. గుండ్రంగా ఉండి, వదిలితే నేల మీద దొర్లుకుంటూ పోతుందని అందరూ 'బంతి' అంటారు.

బంతికి ఇంకా మాటలు రాలేదు. 'మ్మ' ఒక్కటే వచ్చు. అది అమ్మకీ, నీళ్ళకీ, కాకికీ, అన్నిటికీ సరిపోతుంది. "దీని తండ్రీ నాలుగేళ్ళ దాకా మాట్లాడలేదు. ఇప్పుడు ఆపితే ఆగుతాడా?" అని అత్తగారు ధైర్యం చెబుతూ ఉంటుంది. చిన్నకోడలు నవ్వుతుంది. ఈ మధ్య ఆ నవ్వు మునుపంత చప్పున రావడం లేదు.

"కానీ అక్కా, దీని చేతులు గంటకోసారి ఎందుకు కడుగుతున్నావు? నేల మీద దించితే చాలు, పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంటున్నావు. దీనికి నడక మరిచిపోయేలా ఉంది."

లెక్కల టీచరు గుడ్డ మళ్ళీ పిండింది. గుడ్డలో పిండడానికి నీళ్ళు మిగల్లేదు.

అప్పుడే పెరటి తలుపు తోసుకుని మేస్త్రి వచ్చాడు. మేస్త్రి అంటే టీచరు భర్త. ఇంటి వెనక రేకుల షెడ్డులో తమ్ముడితో కలిసి పాత బ్యాటరీలు విప్పి, అరిగిన సీసం ప్లేట్లు కరిగించి, మళ్ళీ పోసి బిగిస్తాడు. ఆయన చేతి బ్యాటరీ మూడేళ్ళదాకా నోరెత్తదని చుట్టుపక్కల పేరు. ఆయన కూడా సాధారణంగా నోరెత్తడు. ఈ రోజు చేతిలో తడిసిన చొక్కా ఉంది.

"ఇది పెరట్లో ఒంటరిగా ఎందుకు ఆరేసుంది?"

"విడిగా ఉతికానండీ."

"అది తెలుస్తూనే ఉంది. ఎందుకని?"

ఆమె బకెట్టు పక్కకి జరిపింది.

"నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నా. గుమ్మం బయటే చొక్కా విప్పమంటావు. నా బట్టలకి వేరే బకెట్టు. నా తువ్వాలుకి వేరే కొక్కెం. చెప్పులు షెడ్డులోనే వదలమంటావు. అంటురోగం వచ్చినవాణ్ణా నేను?"

"అది కాదండీ."

"మరేది?"

ఆమె నోరు తెరిచింది. బంతి తల్లి ఒళ్ళోంచి జారి కిందికి దిగాలని చూస్తోంది. చిన్నకోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. టీచరు గుడ్డ మళ్ళీ బకెట్లో ముంచింది.

"పదిహేనేళ్ళుగా ఈ చొక్కాలతోనే ఈ గుమ్మం దాటాను. నువ్వు ట్రైనింగుకి పోయిన రెండేళ్ళూ ఈ చొక్కాలతోనే నిన్ను బస్సు ఎక్కించాను. అప్పుడు కొట్టని వాసన ఇప్పుడు కొడుతోందా?"

"ఉద్యోగం పెరిగితే ముక్కూ పెరుగుతుంది నాయనా" అంది అత్తగారు. అగ్గికి గాలి తోడైంది.

మరిది పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. ఎవరి పక్షమూ చేరకుండా ఉండాలంటే నోట్లో బ్రష్షును మించిన ఆయుధం లేదని అతనికి తెలుసు. ఎంతకీ బయటికి తీయలేదు.

మేస్త్రి తడి చొక్కానే వేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. టీచరు బకెట్టు పక్కన అలాగే కూర్చుండిపోయింది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఆ చొక్కా వాసన ఆమెకు ఎప్పుడూ అసహ్యం కాదు. ఆ వాసన మీదే ఆమె చదువు నడిచింది. ఆ సంగతి ఆయనకు తెలుసనే ఇన్నాళ్ళూ అనుకుంది, ఈ రోజు అనుమానం వచ్చింది.

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. అది పదకొండు రోజులుగా ఆమె నోట్లోనే నానుతోంది.

*

ఈ ఏడాది బళ్ళో కొత్త పద్ధతి పెట్టారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి ఒకే విషయాన్ని టీచర్లందరూ తలా ఒక వైపు నుంచీ చెప్పాలి. ఈసారి విషయం ఇంటి దుమ్ము. దుమ్ముకి కూడా పాఠమేమిటని మొదట టీచర్లే నవ్వుకున్నారు.

ఏడో తరగతిలో ముప్పై ఒక్కమంది. ఒక్కొక్కరూ ఇంట్లో ఊడ్చిన దుమ్ము చెంచాడు పొట్లం కట్టి తెచ్చారు. సైన్సు మాస్టారు వాటిని పట్నంలో కాలేజీ ల్యాబుకి పంపించి ఒక్కో పొట్లంలో సీసం ఎంతుందో కొలిపించాడు. సోషల్ టీచరు ఊరి పటం గీయించింది. భాష చెప్పే ఆయన, పిల్లలు 'వాచకం మాస్టారు' అనే ఆయన, ఉత్తరాలు రాయిస్తున్నాడు. లెక్కలన్నీ లెక్కల టీచరువి.

పొట్లాల మీద పేర్లు ఉండకూడదు, నంబర్లే ఉండాలి అన్నది ఆమే. ఏ నంబరు ఎవరిదో ఆమె నోటుపుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. పిల్లలకు కూడా తెలియదు. ఎవరి ఇంటిగుట్టూ వీధిన పడకూడదని పెట్టిన నియమం. మంచి నియమమే. అది మొట్టమొదట తన ఇంటిగుట్టు దాచడానికే అక్కరకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

ల్యాబు కాగితం పదకొండు రోజుల క్రితం వచ్చింది. ముప్పై ఇళ్ళవి రెండంకెలు దాటలేదు. పదిహేడో నంబరు రెండువేల ఎనిమిదివందల అరవై. ఆమె నోటుపుస్తకం తెరిచి చూసుకుంది. పదిహేడుకు ఎదురుగా తన చేతిరాతతోనే తన కూతురి పేరు.

కొలత తప్పై ఉంటుందనుకుంది. తనే మళ్ళీ ఇల్లు ఊడ్చి, పదిహేడు నంబరే వేసి రెండో పొట్లం పంపింది. వారం తర్వాత, అంటే నాలుగు రోజుల క్రితం, అదీ వచ్చింది. ఈసారి మూడువేలకు దగ్గర. ఆ సాయంత్రమే చీపుర్లు మాయమవడం మొదలైంది.

"టీచర్, చార్టులో ముప్పై చుక్కలే ఉన్నాయి" అంది ఈ రోజు రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి.

ఆ అమ్మాయి ఆమె కూతురే. ఇంట్లో అమ్మా అంటుంది, బళ్ళో టీచర్ అంటుంది. ఎక్కడైనా సరే, పట్టిన పట్టు విడవదు. అందుకే నాన్నమ్మ పెట్టిన పేరు 'పేచీ' స్థిరపడిపోయింది.

"ముప్పై ఒక్క పొట్లాలు కదా టీచర్? పదిహేడు లేదు."

"దానికి చార్టు చాలదు. నూటికి పది సెంటీమీటర్లు గీసుకున్నాం. రెండువేల ఎనిమిదివందల అరవై అంటే ఎంత ఎత్తు కావాలో నువ్వే చెప్పు."

పేచీ వేళ్ళు కదిపింది. "రెండువందల ఎనభై ఆరు సెంటీమీటర్లు."

"చూశావా మరి."

"గది ఎత్తు మూడు మీటర్లు టీచర్. పోయిన నెల మేమే కొలిచాం. పడుతుంది. కాగితం ముక్కలు అతికించుకుంటూ కప్పుదాకా పోదాం."

తరగతి ఒక్కసారిగా లేచింది. నిచ్చెన తెస్తానని ఒకరు, జిగురు తెస్తానని ఒకరు. శనివారం తల్లిదండ్రుల మీటింగు. గోడ మొత్తం చుక్కలు నేలకు ఆనుకుని, ఒక్క చుక్క మాత్రం కప్పు దగ్గర ఉంటే ఎంత బాగుంటుందో వాళ్ళకు అప్పుడే కనిపించేస్తోంది.

"వద్దు" అంది టీచరు. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "లెక్కల్లో ఒక్క విలువ అన్నిటికీ దూరంగా ఉంటే దాన్ని పక్కన పెడతాం. లేకపోతే సగటు పాడవుతుంది. అది కలిపితే మన ఊరి సగటు నూట ముప్పై ఒకటి. అది తీసేస్తే నలభై. ఏది మన ఊరిలా ఉంది?"

"నలభై" అన్నారు పిల్లలు నిరుత్సాహంగా.

పేచీ అనలేదు. "కొలత తప్పయితే కదా టీచర్ పక్కన పెట్టేది? రెండుసార్లు కొలిపించామని సైన్సు సారు చెప్పారు."

గంట కొట్టారు. పన్నెండేళ్ళ అనుభవమున్న టీచరుకి కూడా గంటను మించిన దిక్కు ఒక్కోసారి ఉండదు.

బయటికి వెళుతున్న పిల్లల్లో పాత ఇనుప సామాను కొట్టాయన కూతురు అందరికన్నా వెనకగా నడుస్తోంది. పదిహేడు వాళ్ళదేనని తరగతిలో ఎవరో అన్నారు. ఇనుప ముక్కలూ తుప్పూ ఉన్న ఇల్లు కాబట్టి అందరూ నమ్మేశారు. ఆ పిల్ల మూడు రోజులుగా చివరి బెంచీలో ఒక్కతే కూర్చుంటోంది. రోజుకు రెండుసార్లు ఊడ్చే, అద్దంలాంటి టీచరుగారి ఇంటి మీద ఎవరికి అనుమానం వస్తుంది? పేచీకే రాలేదు.

స్టాఫ్‌రూములో సైన్సు మాస్టారు టీ గ్లాసు ముందు పెట్టుకుని ఉన్నాడు. మెల్లగా మాట్లాడే మనిషి. ఆమె కూర్చోగానే అడిగాడు.

"పదిహేడు ఎవరో నాకు చెప్పక్కర్లేదు. వాళ్ళకి చెప్పారా?"

"చెప్తానండీ."

"రెండో కాగితం వచ్చి నాలుగు రోజులైంది."

"మెల్లగా చెప్పాలి కదండీ. పరువుగా బతికేవాళ్ళు. ఉన్నది ఆ ఒక్క వృత్తే."

"వృత్తి మాననక్కర్లేదని కూడా మనం పిల్లలకి చెప్పాం కదా. పనిబట్టలు ఇంట్లోకి రాకుండా, దుమ్ము పొడిగా లేపకుండా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. అది ముందు, మిగతావి తర్వాత." ఆయన గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

ఆమె కిటికీ వైపు చూసింది. "ఒక పాప ఉంది. రెండు దాటింది."

"నేల మీద ఆడుకుంటుందా?"

"ఆఁ."

"అయితే ఇంక మెల్లగా కుదరదండీ టీచరుగారూ. ఆ వయసులో సీసం ఒంట్లోకి పోతే మెదడు మీద పడుతుంది. మాటా, చదువూ వెనకబడతాయి. రక్తం పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. ఆలస్యమైన కొద్దీ ఆ పాపకే నష్టం."

ఆయన చెప్పినవేవీ ఆమెకు కొత్త కాదు. ఆ పాఠం రాసిన నలుగురిలో ఆమె ఒకతె. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

ఈ సాయంత్రం చెప్పేయాలి అనుకుంది. ముందు తోటికోడలికి, తర్వాత ఆయనకి. బడి వదిలాక రిజిస్టర్లు సర్ది బయల్దేరింది. దారి పొడుగునా వాక్యం కూర్చుకుంటూనే నడిచింది. "అమ్మాయ్, నీతో ఒక మాట." కాదు. "పాపకి ఒక పరీక్ష చేయించాలి, భయపడకు." అదీ కాదు, భయపడకు అంటే ముందు భయమే వేస్తుంది. "మన ఇంటి దుమ్ములో..." దగ్గర ప్రతిసారీ వాక్యం తెగిపోయింది. నీ పిల్లకి మాటలు రాకపోవడానికి మన ఇల్లే కారణమేమో అని ఏ మాటల్లో చెప్పాలి? ఆ పిల్లను తోటికోడలితో సమానంగా పెంచింది తనే. అది మొదటి అడుగు తన వైపే వేసింది.

*

ఆమె గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపల్నుంచి పేచీ గొంతు వినపడింది. పద్యం అప్పజెప్పినట్టు ఏదో చదువుతోంది.

"ఏంటది?" అంది వెళుతూనే.

"ఉష్! వినవే" అంది అత్తగారు. పొద్దున్నుంచీ ఆవిడ మాట్లాడిన మొదటి మంచి మాట. "వాచకం మాస్టారు దీని ఉత్తరం ఎంచాడట. శనివారం మీటింగులో అందరి ముందూ చదవాలట. మొదట్నించీ చదవవే పేచీ, మీ అమ్మా వింటుంది."

టీచరు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తోటికోడలు నేల మీద కూర్చుని బంతికి జుట్టు దువ్వుతోంది. పెరటి తలుపు బయట మరిది చేతులు కడుక్కుంటున్నాడు.

పేచీ గొంతు సవరించుకుంది.

"పదిహేడో నంబరు ఇంటివారికి నమస్కారం. మీరు ఎవరో నాకు తెలియదు. తెలుసుకోకూడదని మా టీచరు చెప్పారు. మీ ఇంటి దుమ్ములో సీసం ఉంది. సీసం కంటికి కనపడదు, వాసన రాదు. కాబట్టి మీరు శుభ్రంగా లేరని మేము అనుకోవడం లేదు. మీ ఇంట్లో ఎవరో సీసంతో పని చేస్తూ ఉండవచ్చు. వారు పని మానక్కర్లేదు. కానీ పనిబట్టలు గుమ్మం బయటే విప్పాలి. వాటిని వేరే బకెట్లో విడిగా ఉతకాలి. చెప్పులు పని చేసే చోటే వదలాలి..."

తోటికోడలి చేతిలో దువ్వెన ఆగింది.

"...పొడి చీపురుతో ఊడవకండి. ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది. ఎన్నిసార్లు ఊడిస్తే అన్నిసార్లు లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి..."

అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగింది. ముఖంలో ఇంకా కోపం లేదు, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఉంది.

"...మీ ఇంట్లో నేల మీద ఆడుకునే చిన్నపిల్లలు ఉంటే వాళ్ళ చేతులు మాటిమాటికీ కడగండి. ఎందుకంటే వాళ్ళు చేతులు నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకి మాటలు ఆలస్యంగా రావచ్చు. దయచేసి వెంటనే రక్తం పరీక్ష చేయించండి. ఇట్లు, ఏడో తరగతి విద్యార్థిని."

పేచీ తలెత్తింది. ఎవరూ మెచ్చుకోలేదు. అందరూ వాళ్ళమ్మనే చూస్తున్నారు.

"బాగా లేదా?" అంది.

కొళాయి కట్టేసిన చప్పుడైంది. మరిది తడి చేతులతో తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"అక్కా" అంది తోటికోడలు. "మనదేనా?"

దారి పొడుగునా కూర్చిన వాక్యం ఒక్క ముక్కా గుర్తు రాలేదు. టీచరు తల ఊపింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇవ్వాళే చెబుదామనుకుంటూ వస్తున్నా, నిజం."

"ఎప్పుడు తెలిసిందంటే చెప్పవేం?"

"పదకొండు రోజులైంది."

తోటికోడలు బంతిని దగ్గరికి లాక్కుంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని టీచరుకి అనిపించింది.

"ఆ రోజు నా మంచం కింద ఊడ్చి పొట్లం కట్టుకున్నావు. ఏంటక్కా అంటే బడికి అన్నావు. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. అప్పటికే నీకు తెలుసు."

"కొలత తప్పేమో అనుకున్నానమ్మాయ్. ఇంకోసారి చూశాక చెబుదామని..."

"చూశావు కదా. నాలుగు రోజులు చీపుర్లు దాచావు. నాకు ఒక్క మాట చెప్పడానికి లేకపోయిందా? నేను దీన్ని ఇక్కడ కూర్చోబెట్టే కదా అన్నం పెడుతున్నా! కింద పడ్డ మెతుకు ఏరుకు తింటుంటే నవ్వుతున్నా కదా అక్కా!"

"చెబితే ఇంట్లో..." టీచరు ఆగిపోయింది. చెబితే ఇంట్లో పొయ్యి ఆరిపోతుందేమో, అన్నదమ్ములు విడిపోతారేమో, ఆయన తల ఎత్తుకోలేడేమో. పదకొండు రోజులు కొండంత కనపడిన కారణాలు ఈ పిల్ల ముందు నోట్లోంచి రావడానికే సిగ్గుపడ్డాయి. "భయపడ్డాను" అంది చివరికి.

"రోజుకి రెండుసార్లు ఊడ్చాను" అంది అత్తగారు. ఎవరితోనో కాదు. అరచేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "దీన్ని పక్కనే కూర్చోబెట్టుకుని ఊడ్చాను."

ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చే స్థితిలో ఎవరూ లేరు.

పేచీకి ఇప్పుడు అర్థమైంది. ఉత్తరం నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పింది. "అమ్మా, అందుకేనా చార్టులో పదిహేడు పెట్టలేదు?"

"చార్టేంటి?" అంది పిన్ని.

"అందరి ఇళ్ళవీ చుక్కలు పెట్టాం పిన్నీ. పదిహేడు మాత్రం పెట్టలేదు. అది కలిపితే సగటు పాడవుతుందని అమ్మ పక్కన పెట్టేసింది."

"సగటంటే?"

"అందరివీ కూడి సమానంగా పంచితే ఒక్కొక్కరికీ ఎంతొస్తుందో అది."

"అంటే" అంది చిన్నకోడలు, బంతి తల నిమురుతూ, "మనల్ని తీసేస్తే ఊరంతా బాగున్నట్టేనన్నమాట."

ముందు గుమ్మం దగ్గర అలికిడైంది. మేస్త్రి. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ఒంటిమీద పొద్దుటి చొక్కాయే, ఆరిపోయి, మోచేతుల దాకా బూడిదరంగు పట్టి ఉంది.

బంతికి ఇవేవీ పట్టలేదు. పెదనాన్న వచ్చాడు. తల్లి చేతుల్లోంచి జారి, రెండు చేతులూ చాపి "మ్మ, మ్మ" అంటూ గుమ్మం వైపు పరిగెత్తింది.

మేస్త్రి వంగబోయి ఆగాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. మెట్టు దిగాడు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"పట్టుకోండి" అన్నాడు. "ఎవరైనా దాన్ని పట్టుకోండర్రా!"

అలాంటి గొంతు ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ వినలేదు. పేచీ ఉరికి బంతిని నడుం దగ్గర పట్టుకుంది. బంతి గింజుకుంది, ఏడుపు లంకించుకుంది. ఎత్తుకోవడం ఎందుకు మానేశాడో దానికి ఎవరు చెబుతారు?

టీచరు గుమ్మం దాకా వెళ్ళింది.

"పొద్దున నేను అడిగాను నిన్ను" అన్నాడు మేస్త్రి. "నా వాసనా అని అడిగాను."

"కాదని చెప్పాను కదండీ."

"కాదని చెప్పావు. ఏదో చెప్పలేదు." ఆయన మెట్టు కిందే కూర్చుండిపోయాడు, వీధి వైపు తిరిగి. "శనివారం అందరి ముందూ చెబుతావా?"

చెబితే షెడ్డు మాటేమిటో, చెప్పకపోతే చివరి బెంచీలో కూర్చున్న పిల్ల మాటేమిటో ఆమెకు రెండూ తెలుసు.

వెనక చిన్నకోడలు లేచి పేచీ చేతుల్లోంచి బంతిని అందుకుంది. ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని, మొగుడి వైపు చూసింది.

"రేపు మొదటి బస్సుకి పెద్దాస్పత్రికి వెళ్దాం. బట్టలు మార్చుకుని రండి."

"నేనూ వస్తాను" అంది టీచరు గబగబా. "సెలవు పెడతాను. అక్కడ ఏం అడగాలో నాకు తెలుసు. పేచీకి కూడా పరీక్ష..."

"పేచీని పంపు, తీసుకెళ్తాను. నువ్వు రావద్దక్కా."

పదేళ్ళలో ఆ తోటికోడళ్ళు ఆస్పత్రికి ఒకరు లేకుండా ఒకరు వెళ్ళలేదు. పురుడుకైనా, పన్ను పీకించుకోవడానికైనా.

గది గుమ్మం దగ్గర చిన్నకోడలు ఆగింది. వెనక్కి తిరగలేదు.

"రక్తం తీస్తే దీనికీ ఒక అంకె వస్తుంది కదా?"

"వస్తుంది" అంది టీచరు.

"తెచ్చి నీకే ఇస్తాను. ఇంట్లో లెక్కలొచ్చినదానివి నువ్వే. దాన్ని మాత్రం పక్కన పెట్టకు."

తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం పడింది.